మీటరు

భివండీలోని కనేరిలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే తెలుగు నేతన్న నోట రోజంతా ఆడే మాట మీటరు. కొలత అనే అర్థమున్న గ్రీకు ‘మెత్రాన్’ ఫ్రెంచిలో ‘మెత్ర్’ అయి, ఇంగ్లీషు మీదుగా మనదాకా వచ్చింది. అంతకుముందు రాజ్యమేలింది పారశీకం నుంచి పేరు తెచ్చుకున్న గజం: 36 అంగుళాలు, అంటే 91.44 సెంటీమీటర్లు. 1956 చట్టం దేశమంతటికీ ఒకే కొలత తెచ్చింది. కరీంనగర్ నుంచి వలసొచ్చినవాడికీ భివండీ సేటుకూ లెక్క ఒకటే కావడం చిన్న మేలు కాదు.

కానీ పన్నా, అంటే బట్ట వెడల్పు, ఇంకా అంగుళాల్లోనే. నూలు నంబరైతే మరీ పాతది: 840 గజాల చిలపలు 40 కలిసి పౌండు తూగితే 40 నంబరు. పిక్కులనూ, అంటే పేక పోగులనూ, అంగుళానికే లెక్కిస్తారు. అవి పెరిగితే మీటరు నేయడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. కూలి రేటు పెరగాల్సిందీ అక్కడే.