పాపాఘ్ని గండి నుంచి పెన్నా గండి దాకా

నందికొండల్లో పుట్టిన పాపాఘ్ని వెలిగల్లు మీదుగా ఉత్తరానికి వచ్చి, వేంపల్లెకు కొద్దిగా ఎగువన శేషాచలం కొండలను చీల్చుకుని బయటపడుతుంది. ఆ చీలికే గండి. అక్కడి వీరాంజనేయస్వామి గుడికి శ్రావణమాసంలో, ముఖ్యంగా శనివారాల్లో, జనం పోటెత్తుతారు. వేంపల్లె నుంచి పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు దాటి పోతే పెన్నా నది ఎర్రమల కొండలను ఇలాగే కోసిన చోట గండికోట వస్తుంది. రెండు గండ్ల మధ్య దూరం సుమారు వంద కిలోమీటర్లు. సైకిళ్ల మీద తీరిగ్గా పోయే జంటకు ఇది మూడు రోజుల దారి. ఈ సీమ గురించి చెప్పుకోదగ్గ సంగతులు రాసిపెట్టిన పాతకాలపు వాళ్లు అంతకంటే నిదానంగా తిరిగినవాళ్లే.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. అంతకు రెండేళ్ల ముందే గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, కోటను ఏలుతున్న పెమ్మసాని వారి నుంచి దాన్ని గెలుచుకున్నాడు. కొండను తొలిచి వేసిన ఒకే ఒక దారి, పక్కనే భయం పుట్టించే లోయ, దాని అడుగున నది టావెర్నియే రాతల్లో ఉన్నాయి.

1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాక థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేశాడు. డేరాలు వేసుకుంటూ ఊరూరూ తిరిగి, రైతుతో నేరుగా శిస్తు ఖరారు చేసే పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. గండిలో రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఆయన కంటపడిందనీ, అది కనబడినవాళ్లు ఎక్కువ కాలం బతకరనీ జనం చెప్పుకుంటారు. మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పరాయి దొరను తమ క్షేత్ర కథలోకి చేర్చుకున్నారంటే, ఈ సీమ రైతులు ఆయన్ను ఎంత దగ్గరివాడిగా చూశారో తెలుస్తుంది.

1872లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలలపై ప్రచురించిన గ్రంథంతో ఈ ఊళ్ల పేర్లు భూగర్భశాస్త్రంలోకి ఎక్కాయి. అట్టడుగు పొరది గువ్వలచెరువు పేరు, దాని మీదిది వేంపల్లె పేరు. రెంటినీ కలిపి పాపాఘ్ని సముదాయం అంటారు. ఆపైన పులివెందుల, తాడిపత్రి పొరలు వస్తాయి. వాటి మీది గండికోట పొరను తర్వాతి పరిశోధకులు గుర్తించారు. అంటే గండి నుంచి గండికోటకు పోవడమంటే పాత రాతి నుంచి కొత్త రాతికి పొర తర్వాత పొర ఎక్కుతూ పోవడమే. వేంపల్లె పొర సున్నపుజాతి డోలమైటు. దాని మీద అక్కడక్కడా గుండ్రటి బుడిపెలు, వలయాలు కనిపిస్తాయి. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటి లోతులేని సముద్రంలో కంటికి ఆనని జీవులు పేర్చిన స్ట్రోమటోలైట్లు అవి. అప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, పురుగూ లేదు. పులివెందుల చుట్టుపక్కల తీసిన రాతినార, ముగ్గురాయి, ఇప్పుడు తుమ్మలపల్లెలో తవ్వుతున్న యురేనియం ఈ వేంపల్లె పొరలోవే. ఈ దారిలో స్ట్రోమటోలైట్లకు మించిన వింత లేదు. బస్సు కిటికీలోంచి చూస్తే మాత్రం అవి చిక్కవు.

భార్యాభర్తలు సైకిళ్ల మీద దేశం చూడటం కూడా కొత్తదేమీ కాదు. అమెరికా దంపతులు ఫ్యానీ, విలియం వర్క్‌మన్ 1890ల చివర్లో గుళ్లూ కోటలూ చూస్తూ భారతదేశంలో వేల మైళ్లు తొక్కారు; 1904లో ఆ యాత్రను పుస్తకంగా తెచ్చారు. ఒక్కోరోజు 40 పంక్చర్ల దాకా వేసుకోవలసి వచ్చిందట. తుమ్మముల్లు, పల్లేరుకాయ తెలిసిన రాయలసీమ వాళ్లు ఆ మాట తేలిగ్గానే నమ్ముతారు.

పందొమ్మిదో శతాబ్దంలో వేసిన రైలుమార్గం ముద్దనూరు మీదుగా పోయింది, వేంపల్లెను తాకలేదు. జమ్మలమడుగుకు రైలు 2016లో గాని రాలేదు. అందుకే ఈ పల్లెలకు చాలాకాలం ఎద్దులబండి, తర్వాత బస్సు, సైకిలే దిక్కయ్యాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో వెలసిన టీఐ సైకిల్స్ వంటి కర్మాగారాలతో స్వదేశీ సైకిళ్లు అందుబాటులోకి వచ్చాయి. పంచాయతీలు సైకిలుకు పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేవి. కొనలేనివాళ్లకు గంటల లెక్కన అద్దెకిచ్చే షాపులుండేవి. కారియర్ మీద భార్య, ముందు కడ్డీ మీద బిడ్డతో తిరునాళ్లకు పోయిన తరం తెలుగునాట ప్రతి పల్లెలోనూ ఉంది.

వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జమ్మలమడుగు నుంచి చివరి 15 కిలోమీటర్లలో ఎక్కుడు ఉంటుంది. కోటలోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం చూడవలసినవి. మసీదు దాటాక కొంచెం నడిస్తే పెన్నా లోయ అంచు వస్తుంది.