పాత జీపు నిశ్వాసం

మోటారు వాహనాల చరిత్ర వ్రాసినవారు ఇంజను శక్తిని గురించి పుటలకు పుటలు నింపారు. ఆ ఇంజనులో కాలిన వాయువు ఏ దారిన బయటకు పోతున్నదన్న సంగతికి మాత్రం ఒక పేరా మించి చోటు ఇచ్చినవారు అరుదు. పీల్చిన గాలిని విడువలేని ప్రాణి బ్రతకదు, పొగను విడువలేని ఇంజను నడవదు. పాత జీపుకు కొత్త పొగగొట్టం చేయించడమనే చిన్న పనిని ఆధారం చేసుకొని ఆ నిశ్వాసపు చరిత్రను ఈ టపాలో చెప్పదలచాను.

మన యోగశాస్త్ర పరిభాష ఇక్కడ చక్కగా పనికివస్తుంది. నాలుగు ఘాతాల ఇంజనులో మొదటిది పూరకం: గాలీ ఇంధనమూ లోపలికి వస్తాయి. రెండవది కుంభకం: వచ్చినదాన్ని బిగించి నొక్కిపెట్టడం. మూడవది జ్వలనం, బండిని లాగే శక్తి అంతా అక్కడిదే. నాలుగవది రేచకం. నిమిషానికి రెండువేల సార్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజను సెకనుకు సుమారు 66 సార్లు రేచకం చేస్తుంది. ప్రతిసారీ వేడి వాయువు ఒక్క దెబ్బగా గొట్టంలోకి దూకుతుంది. అడ్డు లేకపోతే మనకు వినిపించేది ఆ దెబ్బల వరుసే.

ఆ దెబ్బను మెత్తబరిచే సాధనాన్ని అమెరికావారు మఫ్లరు అన్నారు, ఇంగ్లండువారు సైలెన్సరు అన్నారు. మనకు మఫ్లరంటే మార్గశిరంలో చెవులకు చుట్టుకొనే ఉన్నిగుడ్డ గనుక రెండవ పేరే స్థిరపడింది. నిజానికి మొదటి పేరులోనే నిజాయితీ ఎక్కువ. ఆ డబ్బా నిశ్శబ్దాన్ని పుట్టించదు, ధ్వని నోటికి గుడ్డ కడుతుంది, అంతే.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజను ధ్వనిని తగ్గించే పరికరానికి పేటెంటు పొందారు. తరువాత చెప్పుకోవలసిన పేరు హైరం పెర్సీ మాక్సిం. 1884లో మరతుపాకిని నిర్మించిన హైరం స్టీవెన్స్ మాక్సింకు ఈయన కుమారుడు. తండ్రి చేసిన తుపాకి లోకాన్ని దద్దరిల్లజేసింది. కుమారుడు 1909లో తుపాకి ధ్వనిని అణచే గొట్టానికి పేటెంటు పొంది, అదే ఆలోచనను ఇంజన్ల పొగగొట్టాలకూ విస్తరించాడు. ఒకే ఇంట ఒక తరం పుట్టించిన చప్పుడును తరువాతి తరం మాన్పజూచిందన్నమాట.

ఈ పరికరం పనిచేసే తీరు పూర్వమే తెలిసినది. సన్నని గొట్టంలో వస్తున్న ధ్వని ఉన్నట్టుండి విశాలమైన గదిలోకి ప్రవేశిస్తే అందులో కొంత భాగం వెనుకకు తిరుగుతుంది. తిరిగి వచ్చిన అల ఎదురు వచ్చే అలను కొంతవరకు రద్దు చేస్తుంది. ఖాళీ కూజా మూతిపై ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా! అట్టి కుహరాల అనునాదాన్ని జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. నేటి సైలెన్సర్లలో కొన్ని గదులతో ధ్వనిని త్రిప్పికొడతాయి. మరికొన్ని చిల్లుల గొట్టం చుట్టూ గాజునూలు కూరి ధ్వనిని మ్రింగివేస్తాయి.

ఇక జీపు సంగతి. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల చోదక వాహనం కావాలని 135 కంపెనీలను అడిగింది. బాంటం కంపెనీ మొదటి నమూనా ఇచ్చింది, విల్లీస్, ఫోర్డు కంపెనీలు లక్షల సంఖ్యలో తయారుచేశాయి. ఆ యుద్ధకాలపు జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు ఆసనం కిందనే, అంటే ఎడమవైపున, ఉండేది. పొగగొట్టం కుడి వెనుక చక్రానికి ముందుగా ప్రక్కకు తెరుచుకొనేది. నిప్పునూ నూనెనూ వీలైనంత దూరంగా ఉంచారు. 1944 జూనులో నార్మండీ తీరాన దిగిన జీపులలో నీటిని దాటవలసిన వాటికి పొగగొట్టాన్ని నిలువుగా పైకి పొడిగించారు. ఇంజను నడుస్తున్నంతసేపూ వెలువడే వాయువే నీటిని బయటకు నెడుతుంది. నీటి మధ్య ఇంజను ఆగిందా, ఆ గొట్టమే నీటికి ద్వారమవుతుంది.

1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఉక్కు వ్యాపార సంస్థ ఒకటి వెలసింది. దేశ విభజన తరువాత భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాను తొలి ఆర్థికమంత్రి అయ్యారు, 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టినది ఈ సంస్థే. 1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బీ నమూనా మన దేశంలో దీర్ఘాయువు పొందింది. దాని బానెట్ ఎత్తుగా ఉండడానికి కారణం ఇంజనే. అంతకుముందు పూరక కవాటమూ రేచక కవాటమూ రెండూ ఇంజను దిమ్మలోనే ఉండేవి. ఈ కొత్త ఇంజనులో పూరక కవాటాన్ని తలపైకి ఎక్కించి, రేచక కవాటాన్ని దిమ్మలోనే ఉంచారు. ఇంజను ఎత్తు పెరిగింది, మూత పైకి లేచింది.

తరువాతి దశాబ్దాలలో పెట్రోలు ధర పెరిగేసరికి జీపులకు డీజిలు ఇంజన్లు వచ్చాయి. ట్రాక్టరు వంశపువి కొన్ని, ఫ్రాన్సుకు చెందిన ప్యూజో రూపకల్పనవి కొన్ని. పాత పెట్రోలు జీపు కొన్నవారు కూడా దాన్ని మెకానిక్కు వద్దకు తీసుకుపోయి డీజిలు ఇంజను వేయించుకొన్నారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పొగగొట్టపు పనికి ప్రాధాన్యం వచ్చింది అందుకే. ఇంజను మారితే మానిఫోల్డు నోరు ఉండే స్థానం మారుతుంది. కంపెనీ చేసిన గొట్టం అతకదు. ఆ బండికి ఆ గొట్టాన్ని అక్కడికక్కడే పుట్టించవలసి ఉంటుంది.

ఈ పనిలో మొదటి మెట్టు ఫ్లాంజి. మానిఫోల్డు నోటికి సరిపడా దళసరి రేకును కోసి, గ్యాస్కెట్ పెట్టి బిగిస్తారు. అక్కడ కొద్దిపాటి సందు మిగిలినా పొగ డ్రైవరు పాదాల వద్దకే చేరుతుంది. రెండవది వంపు. వంచే యంత్రం లేని చోట గొట్టంలో బాగా ఎండిన ఇసుకను దట్టించి, రెండు కొనలూ మూసి, ఎర్రగా కాల్చి వంచుతారు. లోపలి ఇసుక గొట్టాన్ని నలగనివ్వదు. ఇసుకలో తడి ఉంటే అది ఆవిరై మూతను తుపాకిగుండులా ఎగరగొట్టగలదు. నీళ్ళగొట్టాలకు వాడే జింకుపూత గొట్టాన్ని చవకగా దొరికిందని వాడరాదు. వెల్డింగు వేడికి వెలువడే జింకు పొగ పీల్చినవానికి ఆ రాత్రి చలిజ్వరం తప్పదు.

మూడవది కొలత. ఇంజనుకు వెనుక ఒత్తిడి ఉండి తీరాలని మెకానిక్కులలో ఒక నానుడి ఉంది. ఇంజనుకు కావలసినది ఒత్తిడి కాదు, వాయువుకు తగిన వేగం. గొట్టం మరీ సన్ననైతే ఊపిరాడదు, మరీ లావైతే వాయువు మందగించి తక్కువ వేగంలో లాగే బలం తగ్గుతుంది. గుట్టలెక్కే బండికి కావలసినది ఆ బలమే. నాలుగవది వ్రేలాడదీయడం. రబ్బరు దిమ్మలపై ఊగే ఇంజనుకూ కదలని చట్రానికీ నడుమ గొట్టాన్ని బిర్రుగా బిగిస్తే మొదట పగిలేది వెల్డింగే. అందుకే ముడతల గొట్టం ఒక ముక్క, రబ్బరు కొక్కేలు నాలుగు. పట్టీల స్ప్రింగు పూర్తిగా అణగినప్పుడు ఇరుసు ఎంత పైకి వస్తుందో చూసుకొని దారి నిర్ణయించాలి. బ్రేకు గొట్టాలకూ ఇంధన గొట్టాలకూ దూరం పాటించాలి.

లోపలి శత్రువు మరొకటి ఉంది. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లని గొట్టంలో ఆ ఆవిరి మళ్ళీ నీరై నిలుస్తుంది. కొద్దిదూరాలే తిరిగే బండి సైలెన్సరు లోపలినుంచి తుప్పు పట్టేది ఇందువల్లనే. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంచడం మంచిపనివాని లక్షణం.

అన్నిటికన్న ముఖ్యమైనది గొట్టం చివర ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. కాన్వాసు పైకప్పు, తెరిచిన వెనుకభాగం గల జీపు ముందుకు పోతున్నప్పుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గి, పొగ లోపలికి లాగబడుతుంది. వెనుక బెంచీలపై కూర్చున్న పిల్లలే మొదట పీలుస్తారు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు మించిన పట్టుతో అది రక్తాన్ని అంటుకొంటుంది. కనుక గొట్టాన్ని చట్రం కింద సగంలో వదిలివేయక, బండి అంచు దాటించి తీరాలి.

మన 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలో నన్ను ఆకర్షించిన వాక్యం ఒకటుంది. పొగ కిందికి గాని, బండి ఎడమవైపుకు గాని వెలువడరాదని అది మొదట విధించింది. మన దేశంలో బండ్లు ఎడమ ప్రక్కన నడుస్తాయి. ఎడమనే కాలిబాట, ఆపైన అరుగులు, ఆ అరుగులపై మనుషులు. నెల్లాళ్ళ పసివాణ్ణి ఎత్తుకొని నిలుచున్న తల్లి ముఖాన పొగ కొట్టరాదన్నదే దాని సారం. కుడి ప్రక్కన బండ్లు నడిచే అమెరికాలో పుట్టిన యుద్ధపు జీపు కుడివైపుకే పొగ వదిలింది. సైనిక వాహనానికి కాలిబాట ఆలోచన లేదు.

ఈనాడు కొందరు యువకులు పాత జీపులను ముచ్చటగా బాగుచేయించుకొంటున్నారు. సంతోషం. కాని లోపలి గదులన్నీ కోసివేసి, మ్రోత కోసమే గొట్టం చేయమని అడిగేవారూ ఉన్నారు. డబ్బు తీసుకొని చేసి ఇచ్చేవారూ ఉన్నారు. బండిలో తక్కిన భాగాలన్నీ ఎక్కినవాని సుఖం కోసం ఉన్నవి. స్టీరింగు అతనికి, ఆసనం అతనికి, ఇంజను అతనికి. ఎక్కనివాని కోసం, దారిన పోయేవాని కోసం చేసిన భాగాలు బహుకొద్ది. వాటిలో పొగగొట్టం ఒకటి. దాన్ని ఎలా చేయించుకొన్నాడన్నదాన్ని బట్టి ఆ బండి యజమాని ఎట్టివాడో వీధివారు తేల్చుకొంటారు.