పాయింట్ 22 తూటా ఎంపికలో ధర కాదు, గొట్టమే నిర్ణేత

మడికొండ: ఎన్‌సీసీ శిబిరానికి వెళ్లివచ్చిన విద్యార్థిని పలకరిస్తే, తొలిసారి తుపాకీ పేల్చిన రోజును తప్పక గుర్తుచేసుకుంటాడు. ఆ తుపాకీ చాలావరకు పాయింట్ 22 రైఫిలే అయి ఉంటుంది. మడికొండ, కాజీపేట, హనుమకొండ ప్రాంతాల యువతకు దీనితో పరిచయం అక్కడే మొదలవుతుంది. శిబిరంలో ఇచ్చిన తూటాను పేల్చడమే తప్ప ఎంచుకోవలసిన పని ఉండదు. ఆ తర్వాత షూటింగ్‌ను క్రీడగా స్వీకరించిన వారికి మాత్రం అసలు చిక్కు అక్కడే ఎదురవుతుంది. ఒకే కొలత, ఒకే రూపం గల తూటాలు పది రకాల పెట్టెల్లో కనిపిస్తాయి. వాటి ధరల్లో రెట్లకు రెట్లు తేడా ఉంటుంది. ఏది కొనాలి?

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం సాధించిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్ పోటీ ఈ తూటాతోనే జరుగుతుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ యువతి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచినదీ ఈ తూటాతోనే. 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంపై పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. మన చిటికెన వేలి గోరంత. అంత దూరం నుంచి దానిని కొట్టాలంటే చేయి ఎంత నిలకడగా ఉన్నా, తూటా కుదురుగా లేకపోతే ఫలితం శూన్యం.

అంచులోనే మందు

పెద్ద తుపాకుల తూటాలో నిప్పు రాజేసే మందు అడుగుభాగం మధ్యలో ఉంటుంది. పాయింట్ 22లో అది ఇత్తడి తొడుగు అడుగున ఉన్న అంచు లోపల, చుట్టూ పరచుకొని ఉంటుంది. తుపాకీలోని పిన్ను ఆ అంచును నొక్కినప్పుడు మందు రాజుకొని తూటా పేలుతుంది. తయారీలో తడి మందును తొడుగులో వేసి, వేగంగా తిప్పి అంచులోకి చేరుస్తారు. ఆ తిప్పడంలో ఒకచోట మందు పలచబడితే, పిన్ను సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. చౌక తూటాల్లో ఈ బెడద ఎక్కువగా కనిపించడానికి కారణమిదే.

మరొక సంగతి. పెద్ద తూటాల తొడుగులను క్రీడాకారులు కొన్ని దేశాల్లో తామే మళ్లీ నింపుకొంటారు. మందు తూకాన్ని తమ తుపాకీకి తగినట్లు సరిచేసుకొంటారు. అంచు మందు గల తూటాకు ఆ వీలు లేదు. కర్మాగారం ఏది ఇస్తే అదే. అందువల్ల తయారు చేసుకోలేనివారికి మిగిలిన విద్య ఎంచుకోవడమే.

వేగమే గొప్ప కాదు

పెట్టెపై 'హై వెలాసిటీ' అని కనిపించగానే అది మేలురకమని భావించేవారున్నారు. లక్ష్య సాధనకు ఇది సరికాదు. పోటీ తూటాలోని సీసపు గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. దాని వేగం సెకనుకు 320 నుంచి 330 మీటర్ల మధ్య, అంటే ధ్వని వేగానికి కాస్త తక్కువగా ఉండేలా తయారు చేస్తారు. అంతకు మించిన వేగంతో బయలుదేరిన గుండు దారిలో ధ్వని వేగం కిందికి దిగుతూ గాలిలో కుదుపునకు లోనై గురి చెదురుతుంది.

కావలసింది వేగం కాదు, ప్రతి తూటాకూ ఒకే వేగం. చిన్న లెక్కతో ఇది తేటతెల్లమవుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగం తగ్గితే 50 మీటర్ల దూరంలో గుండు సుమారు 7 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. లక్ష్యంపై వలయానికీ వలయానికీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లే. అంటే గురి తప్పకపోయినా దాదాపు ఒక పాయింటు పోయినట్లే. తొడుగులోని మందు గ్రాములో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది కనుక, అందులో పిసరంత తేడా కూడా లెక్కలోకి వస్తుంది. లక్ష్యంపై రంధ్రాలు నిలువుగా చెదిరి ఉంటే తూటా వేగంలో తేడాను అనుమానించాలి. అడ్డంగా చెదిరితే గాలిని, లేదా ట్రిగ్గర్‌పై వేలిని.

గొట్టానికి నచ్చాలి

ఇక అసలు విషయం. ఇంగ్లాండుకు చెందిన ఇలే, జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్, ఫిన్లాండ్ మూలాలు గల లాపువా సంస్థల మేలురకం తూటాలకు ప్రపంచ పోటీల్లో పేరుంది. అయితే ఒకే సంస్థ తయారుచేసిన ఒకే రకం రెండు రైఫిళ్లలో ఒకే ఫలితం ఇవ్వదు. ఒకే రకంలోనూ ఒక లాట్‌కూ మరొక లాట్‌కూ తేడా ఉంటుంది. పెట్టెపై ముద్రించిన లాట్ నంబరు అందుకే ముఖ్యం. అగ్రశ్రేణి క్రీడాకారులు తమ తుపాకీని తయారీదారుల పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లి, గొట్టాన్ని బిగించి, పలు లాట్‌లు పేల్చి చూసి, నచ్చిన దానినే ఏడాదికి సరిపడా కొంటారు. మధ్యరకం ధర గల తూటా ఖరీదైన దానిని ఓడించిన సందర్భాలు అరుదు కావు. ఇది మన మొదటి చిక్కుకు సమాధానం. తూటాను ఎంచేది కొనుగోలుదారు కాదు, అతని తుపాకీ గొట్టం.

విదేశీ పరీక్ష కేంద్రం మనకు అందనిదే. కానీ పద్ధతి అందనిది కాదు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో నిర్మించిన షూటింగ్ రేంజి మడికొండకు దాదాపు 150 కిలోమీటర్ల దూరం. అంత దూరం వెళ్లేవారు మూడు నాలుగు రకాలను ఒకేరోజు, ఒకే వాతావరణంలో పరీక్షించడం మంచిది. రైఫిల్‌ను ఇసుక సంచిపై ఆనించాలి. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది, పదిహేను తూటాలను లెక్కలోకి తీసుకోరాదు. గుండుకు పూసిన మైనం గొట్టమంతా పరచుకొనే వరకు గురి కుదరదు. తర్వాత ఒక్కో రకంతో పదేసి తూటాలు చొప్పున కనీసం మూడు లక్ష్యాలు పేల్చి, రంధ్రాల గుంపును కొలవాలి. ఎన్‌సీసీలో 'గ్రూపింగ్' అని నేర్పేది ఇదే. అక్కడ అయిదు తూటాలతో సరిపెడతారు. ఎంపికకు అయిదు చాలవు. అదృష్టవశాత్తు దగ్గరపడిన అయిదు రంధ్రాలను చూసి పెట్టెలకు పెట్టెలు కొన్నవారు నష్టపోతారు. మధ్యకు తగలలేదని దిగులు అనవసరం. మధ్యకు తేవడం సైట్ల పని, దగ్గర చేయడం తూటా పని.

పిస్టల్‌కు మరో పరీక్ష తప్పదు. 25 మీటర్ల పోటీ రెండో దశలో లక్ష్యం మూడు సెకన్లు మాత్రమే కనిపిస్తుంది. ఖాళీ తొడుగు బయటపడక పిస్టల్ బిగుసుకుపోతే ఆ మూడు సెకన్లు పోయినట్లే. కాబట్టి రెండు వందల తూటాలైనా అంతరాయం లేకుండా పేలాయా లేదా అన్నది గురి కంటే ముందు చూడాలి.

పేలని తూటాతో జాగ్రత్త

ట్రిగ్గర్ నొక్కినా శబ్దం రాకపోతే వెంటనే బోల్టు తెరవరాదు. మందు ఆలస్యంగా రాజుకోవచ్చు. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. ఆ తూటాను పక్కనపెట్టి రేంజి అధికారికి అప్పగించాలి. శబ్దం మామూలు కంటే నీరసంగా వినిపిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. గుండు గొట్టంలోనే ఇరుక్కొని ఉండవచ్చు. గొట్టం పరిశీలించకుండా మరో తూటా పేల్చితే గొట్టం పగిలే ముప్పుంది. ఒకే పెట్టెలో రెండు మూడు పేలకపోతే ఆ లాట్‌ను పోటీకి వాడకపోవడమే మేలు. అయితే పిన్ను అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. తూటాను నిందించే ముందు ఖాళీ తొడుగు అంచుపై పిన్ను పడిన గుర్తు లోతుగా ఉందో లేదో చూడాలి.

మన ఎండలకు తగినట్లు

వరంగల్ వేసవిలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రేకుల గదిలో, ఎండలో నిలిపిన కారులో తూటాలు ఉంచితే గుండుపై మైనం కరిగి జారుతుంది. మందు మండే తీరూ మారుతుంది. జనవరిలో కుదిరిన లాట్‌ను మే నెలలో మరోసారి పరీక్షించుకోవడం అందుకే. చల్లని, పొడి చోట, అసలు పెట్టెలోనే, తాళం వేసి ఉంచాలి. వేర్వేరు లాట్‌లను ఒక డబ్బాలో కలిపితే చేసిన పరీక్షంతా వృథా.

'చిన్న తూటాయే కదా' అన్న చులకన తగదు. ఎన్‌సీసీ పాఠాల్లో దీని సమర్థ దూరం 25 గజాలని చెబుతారు. గుండు మాత్రం 1700 గజాల వరకు, అంటే కిలోమీటరున్నర దాకా పోగలదు. మెట్టుగుట్ట వంటి రాతిగుట్ట అడ్డుగా ఉందనుకోవడమూ పొరపాటే. సీసపు గుండు రాతికి తగిలి పక్కకు చిమ్ముతుంది. అనుమతి పొందిన రేంజిలో తప్ప ఎక్కడా పేల్చరాదు.

1959 ఆయుధ చట్టం ప్రకారం పాయింట్ 22 తుపాకీకే కాదు, తూటాకూ లైసెన్సు తప్పనిసరి. మడికొండ వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్నందున ఇక్కడివారు దరఖాస్తు చేసుకోవలసింది కమిషనర్ కార్యాలయంలోనే. తూటాలు అనుమతి గల డీలరు వద్ద, లేదా క్రీడాకారులైతే రైఫిల్ సంఘం ద్వారా మాత్రమే కొనాలి. కొన్న సంఖ్య లైసెన్సు పుస్తకంలో నమోదవుతుంది. ఆ పక్కనే ఒక నోటు పుస్తకంలో లాట్ నంబరు, పేల్చిన తేదీ, ఉష్ణోగ్రత, గుంపు కొలత రాసుకొంటే మళ్లీ కొనేటప్పుడు డీలరు ముందు తడుముకోవలసిన పని ఉండదు.