మంజీర తీరపు దారి: మెదక్ – ఎల్లారెడ్డి – బాన్సువాడ

రోడ్ల చరిత్ర అనగానే విద్యార్థులకు షేర్‌షా వేయించిన బాట గుర్తుకు వస్తుంది. ఒక దారి ప్రాధాన్యం ఎలా తగ్గిపోతుందో తెలుసుకోవడానికి మాత్రం కామారెడ్డి జిల్లా పటం ముందు పెట్టుకుంటే చాలు.

బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర మెదక్ ప్రాంతం దాటాక నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి, బాన్సువాడల పక్కగా ఉత్తరానికి సాగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మెదక్ కోట కాకతీయుల నాటిది. బోధన్ అంతకంటే పాత పట్టణం. ఈ రెండింటి మధ్య ప్రయాణానికి అనువైనది నదీలోయే. అడుగడుగునా నీరు, పశువులకు మేత దొరకడం ఎడ్లబండ్ల కాలంలో చిన్న సౌకర్యం కాదు.

1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే వచ్చింది. పేరులో లోయ ఉన్నా, ఆ లైను మంజీర లోయలోకి దిగలేదు. నదికి తూర్పున మెరక నేల మీదుగా కామారెడ్డి, నిజామాబాద్‌ల గుండా మన్మాడ్‌కు సాగింది. తరువాత 7వ నంబరు జాతీయ రహదారి కూడా కామారెడ్డి మీదుగానే పోయింది. కామారెడ్డి బెల్లం మార్కెట్టుగా పేరు తెచ్చుకుంది. ఎల్లారెడ్డివారికి లింగంపేట మీదుగా కామారెడ్డి చేరే అడ్డదారే ముఖ్యమైపోయింది.

ఇంతలో నది రూపమే మారింది. 1923–31 మధ్య అచ్చంపేట వద్ద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిజాంసాగర్ ఆనకట్ట కట్టారు. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మునిగిన ఊళ్ల మధ్య నడిచిన బండ్లబాటల ఊసు వాటిలో కనబడదు. నా దృష్టిలో ఇది ప్రాజెక్టు చరిత్రలో భాగమే.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. మంజీర తీరపు దారి స్థాయిని తగ్గిస్తూ ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కరలేకపోయింది. రాకపోకలు పక్కకు మళ్లితే చాలు. కాగితం మీది స్థాయి వేరే సంగతి. జాతీయ రహదారికి కేంద్ర నిధులు, రాష్ట్ర రహదారికి రోడ్లు భవనాల శాఖ, పల్లె రోడ్డుకు పంచాయతీరాజ్ శాఖ. వానకు కల్వర్టు కొట్టుకుపోతే ఎన్నాళ్లకు మళ్లీ కడతారన్నది చాలావరకు ఈ వర్గీకరణను బట్టే ఉంటుంది.

కామారెడ్డికీ ఇదే అనుభవం తప్పలేదు. నాలుగు వరుసల బైపాస్ పడ్డాక, పట్టణం నడుమ నుంచి పోయే పాత 7వ నంబరు రోడ్డు మామూలు పట్టణ వీధిగా మిగిలింది. 2010లో ఆ నంబరు కూడా మారి 44 అయింది. మరోపక్క ఎల్లారెడ్డి దారి దశ తిరిగింది. హైదరాబాద్ నుంచి నర్సాపూర్, మెదక్, ఎల్లారెడ్డి, బాన్సువాడల మీదుగా రుద్రూరు చేరే 765డి జాతీయ రహదారిలో అది భాగమైంది. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ వరకు రైలు వచ్చింది. అది మెదక్‌లోనే ఆగింది. ఎల్లారెడ్డివారు రైలెక్కాలంటే ఇప్పటికీ బస్సులో బయలుదేరవలసిందే.