నీరు మింగే ఎరుపు

పెళ్ళిఫొటోకి రెండు నిమిషాలు కదలకుండా కూర్చోమంటేనే మనకి విసుగు. మరి ఒకే ఒక్క ఫొటోకోసం సముద్రం అడుగున అరగంట కాచుకోవాలంటే?

1856లో ఇంగ్లండులోని వేమత్ తీరాన విలియం థాంప్సన్ కెమేరాని పెట్టెలో పెట్టి, పడవలోంచి నీళ్ళలోకి దించాడు. పెట్టెలోకి నీళ్ళు చేరాయి. అయినా మసకమసగ్గా ఓ బొమ్మ పడనే పడింది! తను మాత్రం దిగలేదు. 1893లో ఫ్రాన్సులోని బన్యూల్స్ దగ్గర లూయీ బూటాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు డైవింగు దుస్తులు తొడుక్కుని తనే దిగాడు. ఆయన సోదరుడు ఆగస్ట్ కెమేరాకి నీళ్ళు చొరని పెట్టె తయారుచేసి ఇచ్చాడు. ఒక్కో బొమ్మకి అరగంట దాకా పట్టేదట.

ఎంచేతంటారా? నీరు వెలుగుని మింగేస్తుంది. అందులోనూ ముందు మింగేది ఎరుపునే. మన కుంకుమరంగు చీర పది మీటర్ల లోతుకి వెళితే నల్లగా కనిపిస్తుంది. అందుకే 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటిపైన తెప్పమీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుతురులో చేపల్ని రంగుల్లో తీశారు.

1963లో వేరే పెట్టె అక్కర్లేని నికోనోస్ కెమేరా వచ్చింది. ఇవాళ అరచేతిలో ఇమిడే కెమేరాలకి కూడా తొడుగులు దొరుకుతున్నాయి. అయితేనేం, నీటి గుణం మారలేదు కదా! తొడుగు మూతకుండే రబ్బరు రింగుమీద ఒక్క వెంట్రుక పడి ఉన్నా థాంప్సన్ పెట్టె గతే. ఈత బాగా వచ్చాకే కెమేరా పట్టాలి. చేపకి మూరెడు దూరంలోకి మెల్లగా చేరాలి. మధ్యన నీరెంత తక్కువైతే రంగు అంత దక్కుతుంది.

సాధనం చిన్నదైంది గానీ, బూటాన్‌కి కావలసివచ్చిన ఓర్పు మాత్రం ఏ కొట్లోనూ దొరకదు సుమండీ!