మగవాళ్లకు గుర్రం, ఆడవాళ్లకు మంచం

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు నరాల వైద్యుడు సైలస్ వియర్ మిచెల్ (1829–1914) ఒకే జబ్బుకు రెండు రకాల వైద్యం చేశాడు. నిద్ర పట్టక, ఏ పనీ చేతకాక, బెంగతో చిక్కిపోయి వచ్చిన మగవాణ్ణి పడమటి పచ్చిక మైదానాలకు పొమ్మనేవాడు: అక్కడ గుర్రమెక్కాలి, వేటాడాలి, ఆరుబయట పడుకోవాలి. అదే బాధతో వచ్చిన ఆడమనిషిని ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మంచం దిగనిచ్చేవాడు కాదు. చాకిరీతో, ఆందోళనతో డస్సిపోయిన స్త్రీలకు చేసిన చికిత్సల చరిత్రలో ఇంతకంటే వింతైన మజిలీ లేదు. తర్వాత వచ్చిన మాటల చికిత్సకూ, పని ఒత్తిడితో పూర్తిగా డస్సిపోయే స్థితి, అంటే బర్నవుట్ గురించిన ఇవాళ్టి చర్చకూ దారి దీని మీదుగానే సాగింది.

అంతకు ముందు చాలా శతాబ్దాల కథ క్లుప్తంగా చెప్పుకోదగ్గదే. ప్రాచీన గ్రీకు వైద్యులు స్త్రీల మనోవ్యాధులను గర్భసంచికి ముడిపెట్టారు. ఆ నమ్మకం రకరకాల రూపాల్లో పందొమ్మిదో శతాబ్దం దాకా బతికింది. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికన్ వైద్యుడు న్యూరస్తీనియా అనే పేరును ప్రచారంలోకి తెచ్చి, నెపాన్ని నరాల మీదికి మళ్లించాడు. మనిషిలో నరాల శక్తికి ఒక హద్దుంటుందని, ఆధునిక జీవితం దాన్ని పీల్చేస్తోందని ఆయన వాదన. 1881లో వెలువరించిన పుస్తకంలో ఇందుకు ఐదు కారణాలు చూపాడు: ఆవిరి యంత్రం, పత్రికలు, టెలిగ్రాఫ్, విజ్ఞాన శాస్త్రాలు, ఆడవాళ్ల మేధాశ్రమ. ఆడవాళ్లు చదవడం, ఆలోచించడం రోగకారణాల జాబితాకెక్కాక చికిత్స ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

మిచెల్ సామాన్యుడు కాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో, తూటాలకు నరాలు తెగిన సిపాయిలకు వైద్యం చేశాడు. తెగిపోయిన కాలో చెయ్యో ఇంకా ఉన్నట్టు, నొప్పి పెడుతున్నట్టు అనిపించే స్థితిని శ్రద్ధగా వర్ణించి, దానికి పేరు పెట్టింది ఆయనే. యుద్ధంలో పూర్తిగా అలసిపోయిన మనిషికి తిండీ పడకా ఇస్తే తేరుకోవడం కూడా చూశాడు. ఆ అనుభవాన్ని ఆయన ఆడవాళ్ల దగ్గరికి తెచ్చాడు. 1877లో అచ్చయిన ‘ఫ్యాట్ అండ్ బ్లడ్’ అనే పుస్తకంలో ఆ పద్ధతి వివరంగా ఉంది.

రోగిని ముందు ఇంటి నుంచి తప్పించాలి. బంధువులు చూడటానికి రాకూడదు. సేవ చేసే నర్సు కొత్త మనిషై ఉండాలి, ఎందుకంటే అతిగా జాలిపడే తల్లీ అక్కచెల్లెళ్లే జబ్బును పెంచుతారని ఆయన నమ్మకం. మొదట్లో తిండి అంటే పాలే. కొద్దికొద్దిగా మొదలుపెట్టి రోజుకు దాదాపు రెండు లీటర్ల దాకా పెంచేవారు. ఆ పైన మాంసం, వెన్న. తీవ్రంగా ఉన్నవాళ్లు మొదటి నాలుగైదు వారాలు లేచి కూర్చోకూడదు, చదవకూడదు, రాయకూడదు, కుట్టుపని చేయకూడదు. సొంత చేత్తో చేసుకోదగ్గ పని పళ్లు తోముకోవడం ఒక్కటే. అన్నం నర్సు తినిపిస్తుంది. కదలిక లేక కండలు సడలిపోకుండా రోజూ ఒళ్లంతా మర్దన చేసేవారు, కండరాలకు కరెంటు పెట్టేవారు.

1887లో ఈ వైద్యానికి వచ్చిన వాళ్లలో షార్లట్ పెర్కిన్స్ స్టెట్సన్ ఒకరు. తర్వాతి కాలంలో గిల్మన్ అనే ఇంటిపేరుతో ప్రసిద్ధురాలైన రచయిత్రి ఈమే. వయసు ఇరవై ఆరు, రెండేళ్ల కూతురు, ఎడతెగని ఏడుపు. వైద్యుడికి ఉపయోగపడుతుందని తన జబ్బు కథంతా ముందే పొందిగ్గా రాసి తెచ్చింది. మిచెల్ దాన్ని చూసి, ఇది నీ అహంభావాన్నే రుజువు చేస్తోందన్నాడని ఆమె ఆత్మకథ చెబుతుంది. నెల రోజుల తర్వాత ఇంటికి పంపుతూ కొన్ని నియమాలు పెట్టాడు: వీలైనంత ఇంటి జీవితమే గడపాలి, బిడ్డను ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలి, చదువూ ఆలోచనా రోజుకు రెండు గంటలు మించకూడదు, బతికున్నంత కాలం కలం, కుంచె, పెన్సిలు ముట్టకూడదు. ఆమె నిజాయితీగా పాటించి చూసింది. మతి తప్పే అంచుకు చేరింది. గుడ్డపీలికలతో బొమ్మ చేసి తలుపు పిడికి వేలాడదీసి ఆడుకునేది, మంచాల కిందా అల్మరాల్లోనూ దూరేది. చివరకు నియమాలు పక్కన పెట్టి, మరుసటి ఏడు కాలిఫోర్నియా వెళ్లిపోయి, రాయడం మొదలుపెట్టింది. 1892లో అచ్చయిన ‘ద యెల్లో వాల్‌పేపర్’ కథ ఈ అనుభవం నుంచే పుట్టింది. మిచెల్‌కు ఒక ప్రతి పంపితే జవాబు రాలేదు. ఆ కథ చదివాక ఆయన వైద్యం మార్చుకున్నాడని తనకు తెలిసిందని 1913లో ఆమె రాసింది గానీ, చరిత్రకారులు ఆ మాటను అనుమానంతోనే చూస్తారు.

మగవాళ్ల అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. 1885లో మిచెల్ సలహాపై ఓవెన్ విస్టర్ అనే యువకుడు వయోమింగ్ వెళ్లాడు. అక్కడ రాసుకున్న డైరీలు పెట్టుబడిగా 1902లో ‘ద వర్జీనియన్’ అనే కౌబాయ్ నవల రాసి పేరు తెచ్చుకున్నాడు. 1887లోనే, షార్లట్ మంచం పట్టిన ఏడాదే, మరో ఫిలడెల్ఫియా వైద్యుడి మాటపై చిత్రకారుడు థామస్ ఈకిన్స్ డకోటా పశువుల క్షేత్రానికి వెళ్లి, తేరుకుని, రెండు గుర్రాలతో తిరిగొచ్చాడు. ఒకరికి వైద్యమైన రాత ఇంకొకరికి విషమని వైద్యశాస్త్రం తీర్మానించడం క్షమించరానిది.

అయినా ఆ మంచం వైద్యంలో ఒక మంచి సంగతి ఉంది. అలసిన స్త్రీని వంటింటి నుంచి వారాల తరబడి తప్పించి, ఆమెకే ఇంకొకరు అన్నం తినిపించాలని ఒక వైద్యుడు చీటీ రాసిచ్చాడు. కోలుకున్న వాళ్లూ చాలామందే ఉన్నారు. గొంతు నొక్కినందుకు ఆ పద్ధతి పోవడం న్యాయమే. దానితో పాటు విశ్రాంతి అనే హక్కు కూడా కొట్టుకుపోవడం పెద్ద నష్టం.

గొంతు తిరిగొచ్చింది వియన్నాలో. తండ్రికి రాత్రింబవళ్లు సేవచేసి కుప్పకూలిన బెర్తా పాపెన్‌హైమ్ 1880–82 మధ్య యోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడికి తన బాధలు చెప్పుకుంటూ ఉపశమనం పొందింది. దానికి మాటల చికిత్స అని పేరు పెట్టింది వైద్యుడు కాదు, ఆమే. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ ఈ ఉదంతాన్ని పుస్తకంలోకెక్కించారు. ఫ్రాయిడ్ తొలినాళ్లలో మిచెల్ పద్ధతినీ మాటలనూ కలిపి వాడాడు. తర్వాత మాటలే మిగిలాయి. కానీ మాట్లాడే గంట ముగిశాక రోగి అయిన స్త్రీ వెళ్లేది మళ్లీ తనను అలసగొట్టిన అదే ఇంటికి. పాపెన్‌హైమ్ మటుకు వేరే దారి పట్టింది: 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘం స్థాపించి, 1907లో నిరాశ్రయ స్త్రీల కోసం ఆశ్రమం తెరిచింది.

ఇరవయ్యో శతాబ్దంలో మంచం వైద్యం మెల్లగా మరుగున పడింది. ఆలోచనల తీరును సరిదిద్దే పద్ధతిని ఆరన్ బెక్ 1960లలో రూపొందించాడు. ఆందోళనకు నేడు విరివిగా వాడేది దాన్నే. 1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలలో పనిచేసి తానే కూలబడ్డాక, బర్నవుట్ గురించి వ్యాసం రాశాడు. క్రిస్టినా మస్లాక్, సూజన్ జాక్సన్ 1981లో దానికి కొలమానం ఇచ్చారు. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక మొదలయ్యే రెండో డ్యూటీ గురించి 1989లో ఆర్లీ హాక్‌షీల్డ్ పుస్తకం రాసింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచించింది. జీవితంలో ఇతర రంగాలకు ఆ మాట వాడకూడదని కూడా చెప్పింది. జీతం లేని ఇంటి చాకిరీ అలా లెక్కలోకి రాకుండా పోయింది. ఆ ఖాళీని పూరించే పని అంతకు ముందే బెల్జియంలో మొదలైంది: పిల్లల పెంపకంలో కలిగే బర్నవుట్‌ను కొలవడానికి ఇసబెల్ రోస్కమ్, మొయిరా మికొలాచాక్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు 2018లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. దాన్ని తల్లిదండ్రులైన వారి మాటల ఆధారంగానే తయారు చేశారు.