జింక కొమ్ముల అంచనా

జింక కొమ్ముల అంచనా అనగా బ్రతికి ఉన్న జింక కొమ్ముల పరిమాణాన్ని దూరం నుండి చూసి లెక్కగట్టే పద్ధతి. ఉత్తర అమెరికాలో తెల్లతోక జింకలను వేటాడేవారు తుపాకి పేల్చడానికి ముందు దీనిని పాటిస్తారు.

ఇందులో జింక శరీర భాగాలే కొలబద్దలు. ఎదిగిన మగజింక అప్రమత్తంగా ఉన్నపుడు దాని చెవుల కొనల మధ్య దూరం సుమారు 16 అంగుళాలు. కొమ్ములు చెవులను దాటి ఉంటే వాటి వెడల్పు అంతకు మించినదని గ్రహిస్తారు. కొమ్ము శాఖల పొడవును చెవితోను, మందాన్ని కంటితోను పోలుస్తారు. బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ 1950లో ఆమోదించిన కొలమానంలో ప్రధాన కొమ్ములు, శాఖల పొడవులు, చుట్టుకొలతలు, లోపలి వెడల్పు లెక్కకు వస్తాయి.

లేత జింక శరీరం చిన్నది కావడంతో కొమ్ములు పెద్దవిగా కనిపిస్తాయి. కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. అంచనా తప్పితే పోయిన ప్రాణం మాత్రం తిరిగిరాదు. అందువలన ముందుగా వయసును గుర్తించడం ముఖ్యం.